అట్లనే సార్

ఇందులో ప్రతి అక్షరం నిజం. చాక్‌పీసు మీద ఒట్టు, హాజరు పట్టీ మీద ఒట్టు, మధ్యాహ్న భోజనంలో పెట్టే కోడిగుడ్డు మీద కూడా ఒట్టు. నన్ను ఎరిగినవాళ్ళు ఈ పాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకు కథలు చెప్పి బతుకుతున్న పంతులిని. నేను చెప్పే సంగతికి ఎప్పుడైనా కొమ్ములు మొలిచి ఉంటే అది నా తప్పు కాదు, నోరు తెరుచుకుని వినేవాళ్ళది. ఈసారి మాత్రం కొమ్ములు కోసి, గోళ్ళు కత్తిరించి, తలంటి పోసి మరీ మీ ముందు నిలబెడుతున్నాను.

యూనివర్సిటీ క్యాంపస్ లోపల, పనివాళ్ళ క్వార్టర్ల వెనక, రెండు గదుల సర్కారు ప్రాథమిక పాఠశాల మాది. ఐదో తరగతి దాకా ఉంటుంది. టీచర్లం ఇద్దరం. ఒకడిని నేను, రెండో ఆవిడ గోదావరి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన మేడం. క్యాంపస్‌లో పెద్ద పెద్ద చదువులు చదివేవాళ్ళకు అన్నం వండేవాళ్ళ పిల్లలు, వాళ్ళ గదులు ఊడ్చేవాళ్ళ పిల్లలు, వాళ్ళు ఫోటోలు దిగే చెట్లకు నీళ్ళు పట్టేవాళ్ళ పిల్లలు మా దగ్గర అక్షరాలు దిద్దుకుంటారు.

జూన్ నెలలో తల్లిదండ్రులకు బడి మీద ఉండే శ్రద్ధ కొత్త చెప్పుల మీద శ్రద్ధ లాంటిది. దసరా దాకా తుడిచి పెట్టుకుంటారు. మార్చి వచ్చేసరికి ఎక్కడ విడిచారో కూడా గుర్తుండదు. ఎండలు ముదిరి ఒంటిపూట బడి మొదలైందంటే ఇక అయిపోయినట్టే లెక్క. సంవత్సరం పొడుగునా చెప్పాల్సిన వాటిలో అసలైనవి అప్పుడే ఉంటాయి. పరీక్షలెప్పుడు, ఐదో తరగతి పిల్లలకు టీసీలు ఎప్పుడిస్తాం, ఆరో తరగతికి ఏ హైస్కూలుకు వెళ్ళాలి, ఏ కాగితాలు తీసుకుపోవాలి, సెలవుల్లో చదివింది మరిచిపోకుండా ఏం చేయాలి, ఇవన్నీ. చెప్పడానికి మేము సిద్ధంగా ఉంటాం, వినడానికి ఎవరూ ఉండరు.

వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారేమో. ఉంది. అందులో పొద్దున్నే గులాబీలు పూస్తాయి. తర్వాత మోకాళ్ళ నొప్పులకు మెంతులు నానబెట్టమని ఒకరు, గోల్నాకలో సింగిల్ రూమ్ కిరాయికి ఉందని ఇంకొకరు. ఆ గులాబీల కింద, మెంతుల కింద ఎక్కడో నేను పెట్టిన పరీక్షల టైమ్‌టేబుల్ ఊపిరాడక పడి ఉంటుంది.

అలాంటి గ్రూపులో నా ప్రాణానికి ఒకే ఒక్క తండ్రి దొరికాడు. హాస్టల్ మెస్సులో వంటమాస్టర్, కూతురు మా దగ్గర ఐదో తరగతి. బడి వదలగానే స్టాఫ్ రూమ్‌లో కూర్చుని మెసేజ్ పెట్టడం నా అలవాటు. నేను తార్నాక బస్టాపు చేరేలోపు ఆయన జవాబు వచ్చేసేది. ప్రతిసారీ అదే మాట, ‘అట్లనే సార్.’ పక్కన ఒక దండం బొమ్మ. పాత పేపర్లు పంపమంటే అట్లనే సార్. పిల్ల గోళ్ళు కత్తిరించమంటే అట్లనే సార్. మర్నాడు పాత పేపర్లూ వచ్చేవి, గోళ్ళూ కత్తిరించి ఉండేవి.

ఇంకేం కావాలి. నేను ఆ తండ్రిని ఊరేగించడం మొదలుపెట్టాను. ఆగస్టు మీటింగ్‌కు వచ్చిన ఆరుగురు తల్లుల ముందు చెప్పాను: "మన బడిల ఒక తండ్రి ఉన్నడు. రెండొందల మందికి వండుతడు. ఒక చేత గరిటె, ఒక చేత ఫోను. పప్పు పొంగి పొయ్యిల పడినా సరే, ముందు బడికి జవాబిచ్చి తర్వాతనే మంట తగ్గిస్తడు." దసరా నాటికి ఆయన వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి కూతురి నోటుబుక్కు ఇచ్చి వెళ్ళాడు. డిసెంబరుకు, అర్ధరాత్రి లేచి ఎక్కాలు ఒప్పజెప్పించుకునే స్థాయికి చేరుకున్నాడు. ఇవన్నీ నేను చేయించినవేనని ఇప్పుడే ఒప్పేసుకుంటున్నాను, కాబట్టి వీటిని ఒట్టు కిందికి లాగకండి. ఆయన్ని నేను ఒక్కసారి కూడా చూసిన గుర్తు లేదు. చూడాల్సిన పనేముంది, జవాబులు వస్తున్నాయి కదా.

మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం నాకు విద్యాధికారి ఆఫీసులో పని పడింది. అందుకని పొద్దున ప్రార్థన అవ్వగానే మెసేజ్ పెట్టేశాను. ఐదో తరగతి తల్లిదండ్రులందరూ ఏప్రిల్‌లో టీసీ తీసుకుని, తార్నాక చౌరస్తా దాటాక ఉన్న హైస్కూల్లో పిల్లల్ని ఆరో తరగతిలో చేర్చాలి, ముందుగా బడికొచ్చి ఒకసారి మాట్లాడండి అని. జవాబు రాలేదు. ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర, పదకొండు. మనిషికి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఒంటిగంట దాటి పది నిమిషాలకు, పిల్లలు భోంచేసి ఇళ్ళకు చేరే వేళకు వచ్చింది: అట్లనే సార్.

మర్నాడు కావాలనే పొద్దున పంపాను. మళ్ళీ ఒంటిగంట దాటాకే. అప్పుడు నాలోని డిటెక్టివు నిద్ర లేచాడు. కళ్ళద్దాలు తుడుచుకుని, పాత మెసేజ్‌లన్నీ వెనక్కి తిప్పాను. రెండు పూటలా బడి ఉన్నన్నాళ్ళూ జవాబులు సాయంత్రం నాలుగున్నర తర్వాత వచ్చాయి. ఒంటిపూట మొదలైనప్పటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత. బడి గంట ఎటు జరిగితే ఆయన జవాబూ అటే జరిగింది. ఒక్కసారి మాత్రం, జనవరిలో కళ్ళ డాక్టర్లు వస్తారని పొద్దున తొమ్మిదింటికి పెడితే, రెండు నిమిషాల్లో జవాబు. హాజరు పట్టీ తీసి చూశాను. ఆ రోజు పిల్ల బడికి రాలేదు. పక్కనే రాసి ఉంది, జ్వరం అని.

మధ్యాహ్నం బడి వదిలాక ఆ పిల్లను ఆపాను. వరండా మెట్ల మీద కూర్చోబెట్టి, నేను పక్క మెట్టు మీద కూర్చున్నాను.

"మీ నాన్న ఫోను ఎవరి దగ్గర ఉంటది బిడ్డా?"

"ఇంట్లనే ఉంటది సార్. నాన్న చిన్న ఫోను పట్కపోతడు, బటన్‌లది. పెద్దది ఆవిరి తగిలి ఖరాబు అయితదని."

"మరి నాకు జవాబులు ఇచ్చేదెవరు?"

కాలి బొటనవేలితో మట్టిలో ఒక గీత గీసింది. ఆ గీతకు అడ్డంగా ఇంకోటి గీసింది.

"నేనే సార్."

"అన్నిటికా?"

"అన్నిటికి. మీరు చెప్పినవన్నీ చేసిన గద సార్. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం గూడ మంచిగున్నదని మీరే అన్నరు."

అన్నాను. ఆ సంతకం కింద గీత ఎంత తిన్నగా ఉందో క్లాసంతటికీ చూపించాను కూడా.

"నాన్నకు ఎందుకు చెప్పలేదు?"

"మీటింగ్ అంటే పని ఇడిశిపెట్టి రావాలె గద సార్. నేను రెండోతరగతిల ఉన్నప్పుడు ఒకసారి వచ్చిండు. మెస్సుల అన్నం మాడింది. అందరు తిట్టిండ్రు. ఇంటికొచ్చి చెప్పిండు, ఇంకోసారి బడోళ్ళు పిలిస్తే బడే బంద్ అని. అందుకే మిమ్మల్ని పిలవనీయకుండ నేనే చూస్కుంటున్న."

పదేళ్ళ పిల్ల. బడి ఆగిపోకుండా ఉండాలని బడికీ ఇంటికీ మధ్య గోడలా నిలబడి, రెండు వైపులా సమాధానం చెప్పుకుంటూ ఏడాది లాక్కొచ్చింది.

"ఆరోతరగతి సంగతి?"

"చెప్పలే సార్. గోల్నాకల మా పిన్నికి పాప పుట్టింది. పిన్ని పనికి పోవాలె. బడి అయిపోయినంక నన్ను ఆడ ఉంచుతరంట, పాపను ఎత్తుకోనీకి."

"ఎన్ని రోజులు?"

"పాప నడిచేదాక."

పాప నడిచేసరికి ఈ పిల్ల చదువు నడవడం మానేస్తుందని నాకు తెలుసు. అలా పాపల్ని ఎత్తుకోవడానికి పోయిన ఆడపిల్లలు మళ్ళీ పుస్తకం ఎత్తుకోవడం నా సర్వీసులో నేను చూడలేదు.

"మీరు నాన్న దగ్గరికి పోకుండ్రి సార్. పోతే ఇప్పుడే బంద్ చేస్తడు. పరీక్షలు గూడ రాయనీయడు."

"నీ సంగతి నా నోట రాదు," అన్నాను. "కానీ మీ నాన్న ఈ బడి గురించి వింటడు. అది మాత్రం ఆగది."

మాటైతే ఇచ్చేశాను. ఎలాగో తెలియదు. మర్నాడు బడి అవ్వగానే నడుచుకుంటూ మెస్సుకు పోయాను. రెండు గంటలకు హాస్టల్ పిల్లలు ఇంకా తింటున్నారు. మూడింటికి చూస్తే హాలు ఖాళీ. పొద్దున నాలుగింటికి లేచిన వంటవాళ్ళు భోజనాల బల్లల మీద తువ్వాళ్ళు పరుచుకుని నడుం వాల్చారు. పొయ్యిల మీద ఏమీ లేదు. మా మీటింగ్‌లన్నీ పొద్దున పదకొండింటికి పెడతాం. సరిగ్గా అదే వేళకు ఇక్కడ రెండు వందల మంది అన్నం ఉడుకుతూ ఉంటుంది. ఈ చిన్న సంగతి తెలుసుకోవడానికి అర కిలోమీటరు నడిస్తే చాలని ఇన్నేళ్ళకు తెలిసింది.

వంటమాస్టర్ బల్ల మీద లేచి కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"మీరు గంటన్నర సార్ గదా?"

"ఏంది?"

"మూడేండ్ల కింద మీటింగ్‌ల గంటన్నర మాట్లాడిండ్రు. నాకు మంచిగ యాదికున్నది. ఈడ అన్నం మాడింది. ఆనాడు పిల్లలకు బ్రెడ్డు, అరటిపండ్లు పెట్టిండ్రు. అప్పటిసంది నన్ను మాడు మాస్టర్ అంటరు సార్. అప్పటి పిల్లలు చదువులు అయిపోయి పోయిండ్రు. పేరు పోలే, కొత్తగొచ్చినోళ్ళకు అప్పజెప్పి పోయిండ్రు."

పక్క బల్ల మీద పడుకున్న వంటవాడు కళ్ళు తెరవకుండానే, "చపాతి మాడినా ఆయన ఖాతాలనే ఏస్తరు సార్," అన్నాడు.

ఆ మీటింగ్ పెట్టింది నేనే. పరిశుభ్రత మీద అనుకుంటా, గంటన్నర పాటు ఏదో చెప్పింది నేనే. ఆ గంటన్నరలో ఒక్క వాక్యం కూడా నాకిప్పుడు గుర్తు లేదు. ఆయన పేరు మాత్రం మూడేళ్ళుగా మాడుతూనే ఉంది.

"తప్పయింది అన్నా," అన్నాను.

"తప్పేముంది సార్. మల్ల మీటింగ్ అనకుండ్రి, అది చాలు. దండం పెడ్త."

"నిన్ను మీటింగ్‌కు రమ్మంట లేను. మీటింగే నీ దగ్గరికొస్తది. ఈ హాల్లనే పెడ్తం. మూడున్నరకు షురూ, నాలుగింటికి ఖతం. పొయ్యి మీద అప్పుడు ఏముండది గద. నువ్వు చాయ్ పెట్టు, చాలు."

"ఎంతమందికి?"

"నలభై మందికి."

నవ్వాడు. "నలభై మందికి చాయంటే నాకు మూతి కడుక్కున్నంత పని. గని మీరు మల్ల గంటన్నర..."

"గడియారం నీ ఎదురుంగనే ఉంటది. అర్ధగంట కాంగనే గరిటెతోని గిన్నె మీద కొట్టు. నోరు మూసుకొని చాయ్ తాగి పోతం."

నన్ను గరిటెతో ఆపే అవకాశం ఆయనకు బాగా నచ్చింది. వార్డెన్ ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఆతిథ్యం ఒప్పుకున్న మనిషి ఇక తన ఇంట్లో జరిగే మీటింగ్‌కు రాకుండా ఎలా ఉంటాడు?

బడికొచ్చి చెబితే మేడం పెన్ను కింద పెట్టారు.

"మెస్సులో పేరెంట్స్ మీటింగేంటండీ మాస్టారూ? రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతాం?"

"బడికి తల్లిదండ్రులు రాలేదు, తల్లిదండ్రుల దగ్గరికే బడి పోయిందని చెబుదాం మేడం."

"వినడానికి బాగానే ఉంది. మీరు చెప్పేవన్నీ వినడానికి బాగానే ఉంటాయి." అయినా వార్డెన్‌కు అర్జీ తన గుండ్రటి దస్తూరీలో ఆవిడే రాశారు. వార్డెన్ ఆ అక్షరాలు చూసే సంతకం పెట్టి ఉంటాడు. ఉపన్యాసం వద్దన్నది కూడా ఆవిడే. "ఒక్కో ఇంటికీ ఒక్కో మాట చెబుదామండి. ఆ పిల్లో పిల్లాడో ఈ ఏడు కొత్తగా ఏం నేర్చుకున్నారో అది. ఐదో తరగతి వాళ్ళ సంగతి మాత్రం పిల్లలే నిలబడి చెప్పుకోవాలి. మీరు చెబితే నిద్రపోతారు, కన్నబిడ్డ చెబితే వింటారు."

ఇక అందరికీ తెలియజేయడం. గ్రూపులో పెడితే గులాబీల పాలు. చీటీలు రాసి పంపితే పిల్లలు పడవలు చేస్తారు. మూడు రోజులు బడి అయ్యాక ఇల్లిల్లూ తిరిగాను. సగం తలుపులకు తాళాలు. తల్లులు తార్నాక అపార్టుమెంట్లలో పనికి పోయి ఉంటారు, వచ్చే వేళకు నేను ఇంటికని ముషీరాబాద్ బస్సెక్కి ఉంటాను. మూడో రోజు ఎండకు తల తిరిగి క్వార్టర్ల మలుపులో ఒక ట్రాలీ ఆటో నీడన నిలబడ్డాను. ఉల్లిగడ్డల బండి. దాని మీద మైకు అరుస్తూనే ఉంది. తాళం వేసి ఉన్నాయనుకున్న ఇళ్ళ లోంచి కూడా ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వస్తున్నారు.

"తమ్మీ," అన్నాను ఉల్లిగడ్డలాయనతో, "నీ మైకుల నా బడి ముచ్చట గూడ ఒకటి రికార్డు చేద్దామా?"

ఆయన నన్ను, నా చేతిలోని హాజరు పట్టీని చూశాడు. "చేద్దాం గని సార్, నా గొంతుతోనే చెప్పాలె. మీ గొంతైతే ఉన్నోళ్ళు గూడ లోపలికి పోతరు."

అలా నాలుగు రోజుల పాటు మా బడి పిలుపు ఉల్లిగడ్డల రాగంలో వీధులు తిరిగింది. "ఎర్ర ఉల్లిగడ్డ, గట్టి ఉల్లిగడ్డ, నూరుకు నాలుగు కిలోలు... సర్కారు బడి పిల్లల అమ్మలు రావాలె, నాన్నలు రావాలె, హాస్టల్ మెస్సుల శుక్రవారం మూడున్నరకు మీటింగ్, అర్ధగంటల ఖతం... సంచులు తెచ్చుకోండ్రి, నూరుకు నాలుగు కిలోలు..."

శుక్రవారం మూడుంపావుకే హాల్లో కుర్చీలు నిండాయి. నలభై ఒక్క కుటుంబాల్లో ముప్పై నాలుగు వచ్చాయి. ముగ్గురు అవ్వలు ఖాళీ సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఉల్లిగడ్డలు మీటింగ్ అయ్యాక ఇస్తారా, ముందే ఇస్తారా అని అందులో ఒకామె మేడంను అడిగింది. మేడం నా వైపు చూసిన చూపుకు నేను గోడ మీది మెనూ చదువుకున్నాను. వంటమాస్టర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కేటిల్ పట్టుకుని తిరుగుతున్నాడు. ఆయన భార్య తార్నాకలో పని ముగించుకుని నేరుగా వచ్చి, వెనక వరసలో కొంగుతో మొహం తుడుచుకుంటూ కూర్చుంది.

ఒక్కో ఇంటికీ ఒక్కో మాట చెప్పారు మేడం. మీ వాడు భాగహారం చేస్తున్నాడు. మీ అమ్మాయి ఇప్పుడు ఏడవకుండా పేపరు చదువుతోంది. అవ్వలు సంచులు మడిచి పక్కన పెట్టారు. తర్వాత ఐదో తరగతి పిల్లలు లేచారు. ఆ పిల్ల వంతు వచ్చేసరికి గడియారంలో నాలుగుకు రెండు నిమిషాలు ఉంది. కాగితం చూడకుండా చెప్పింది.

"మన బడిల ఐదు దాకనే ఉన్నది. ఆరుకు చౌరస్తా అవతలి హైస్కూల్ల చేరాలె. టీసీ ఏప్రిల్ నెలాఖరుకు ఇస్తరు. ఆధార్ కావాలె, ఫోటోలు రెండు కావాలె. అమ్మనో నాన్ననో వెంట రావాలె."

వంటమాస్టర్ కేటిల్ బల్ల మీద పెట్టాడు. "ఇవన్ని ఎప్పుడు చెప్పిండ్రు సార్? నాకైతే ఎవ్వలు చెప్పలే."

నా దగ్గర అబద్ధం సిద్ధంగా ఉంది. నెట్‌వర్క్ సరిగా లేదు అన్నా, మెసేజ్ పోలేదేమో. నోరు తెరిచాను. కానీ ముందు వరసలోంచి ఒకామె వెనక్కి తిరిగింది.

"నీకే తెల్వదా అన్నా? నీ గురించి సార్ మాకు ఏడాదంత క్లాసు పీకిండు. ఒక చేత గరిటె, ఒక చేత ఫోనట. పప్పు పొంగినా ముందు బడికే జవాబిస్తవట."

"నేనా?"

"వానల సైకిల్ తొక్కుకుంట పోయి నోటుబుక్కు ఇచ్చొచ్చినవట గద. నీలెక్క తండ్రి ఉండాలని మా ఆయనను రోజు తిడ్తున్న."

"నాకు సైకిలే లేదక్కా," అన్నాడు వంటమాస్టర్.

హాలంతా నా వైపు తిరిగింది. చాయ్ గ్లాసులో తలదాచుకోవడానికి ప్రయత్నించాను. అప్పుడు ఆ పిల్లే అంది: "సార్ తప్పు లేదు నాన్నా. నీ ఫోనుల నేనే జవాబులిచ్చిన. నీకు చెప్తే పని ఇడిశిపెట్టి రావాల్సొస్తదని చెప్పలే."

నాలుగయింది. గరిటె ఆయన చేతిలోనే ఉంది, గిన్నె పక్కనే ఉంది. కొట్టలేదు.

"ఎన్నిసార్లు ఇచ్చినవు?"

"అన్నిసార్లు."

"ఒక్కసారన్న కాదన్నవా?"

"లే నాన్నా. అట్లనే సార్ అనే అన్న."

ఆయన గరిటెను గిన్నె పక్కన పెట్టాడు. ముందు వరసలో ఆమె, వెనక వరసలో భార్య, సంచుల అవ్వలు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. కోపమొస్తే ఎలా ఆపాలా అని నేను రెండడుగులు ముందుకు జరిగాను.

"నా పేరు మీద మాట ఇచ్చినవు," అన్నాడు. "నాకు తెల్వకుంట ఇచ్చినవు, అది తప్పు. దాని సంగతి ఇంట్ల మాట్లాడుకుందాం. గని ఇచ్చిన మాటైతే నాదే గద. ఇప్పుడు నేను పోనంటే, ఏడాదంత అబద్ధం ఆడినోడిని నేనే అయిత."

వెనక వరసలోంచి భార్య లేచింది. "మరి మా చెల్లెకు ఏం చెప్పాలె? పిల్లను పంపుతమని మాటియ్యలేదా?"

"ఇచ్చినం. పోతది. సెలవులు ఉన్నన్ని రోజులు గోల్నాక. బడి తెరిచిన్నాడు తార్నాక."

"జూన్ తర్వాత పాపను ఎవరు పట్టుకోవాలె?"

మేడం లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు. గోల్నాకలో అంగన్‌వాడీ ఎక్కడుంది, మీ చెల్లెలు ఎన్ని గంటలకు పనికి పోతుంది, ఆ పాప వయసెంత అని ఒక్కొక్కటే అడిగి పుస్తకంలో రాసుకున్నారు. ఆ మాట అక్కడికక్కడే తెగలేదు. మే నెలంతా ఫోన్ల మీద సాగింది. ఆ పిన్ని రెండుసార్లు కోపగించుకుంది. చివరికి పాపను వాళ్ళ అత్తగారు ఊరి నుంచి వచ్చి చూసుకునేలా ఒప్పందం కుదిరింది. ఆ మీటింగ్ మాత్రం నాలుగున్నరకు అయిపోయింది. నా సర్వీసులో ఒక మీటింగ్ ఆలస్యమైనందుకు ఎవరూ విసుక్కోనిది అదొక్కటే.

జూన్‌లో బడులు తెరిచిన రోజు పొద్దున్నే హైస్కూలు గేటు దగ్గర నిలబడ్డాను. ఆ పిల్ల రాలేదు. రెండో రోజు కూడా రాలేదు. నా బడికి ఆలస్యమవుతున్నా మూడో రోజు మళ్ళీ పోయాను, మెట్రో స్తంభం నీడలో నిలబడి గేటు మూసే దాకా చూశాను. లేదు. బడికొచ్చి, పది గంటలకు పాఠం మధ్యలో ఆ నంబరుకు మెసేజ్ పెట్టాను: బిడ్డ బడికి పోయిందా అన్నా?

పది దాటి ఇరవై నిమిషాలకు ఫోను మోగింది. రాత కాదు, గొంతు. వెనక పోపు చిటపటలు, ఎవరో ఉప్పు ఉప్పు అని అరవడం. "వచ్చింది సార్. గోల్నాకల రెండు దినాలు ఎక్కువైనయి. ఇయ్యాల ఎనకాల గేటు దిక్కు నుంచి నేనే దింపొచ్చిన. బియ్యం కడిగి పెట్టి పోయిన, ఇప్పుడే పొయ్యి మీదెక్కించిన. పెద్ద ఫోను గూడ ఇగ నా దగ్గర్నే ఉంటది సార్. రాయొస్తలేదు, ఇట్లనే చెప్త."

క్లాసులో పిల్లలకు ఆ గొంతు మూడుసార్లు వినిపించాను. ఎందుకో వాళ్ళకు తెలియదు, అయినా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఒట్టు సంగతి. ఉల్లిగడ్డల బండి నిజం. సంచుల అవ్వలు నిజం. గరిటె, మాడు మాస్టర్, గంటన్నర సార్, అన్నీ నిజం. మీరు అబద్ధమనుకున్నవన్నీ నిజమే. అబద్ధం ఎక్కడుందంటే, అందరూ నమ్మేసిన చోట ఉంది. నాలోని డిటెక్టివు నిద్ర లేచాడని, పాత మెసేజ్‌లు తిప్పి, హాజరు పట్టీ తీసి కనిపెట్టానని రాశానే, అది. కనిపెట్టింది నేను కాదు, మేడం. పిల్లకు జ్వరమొచ్చిన రోజు జవాబు రెండు నిమిషాల్లో రావడం చూసి, ఆ వారమే నాతో అన్నారు: "మాస్టారూ, ఈ జవాబులు ఆ పిల్లే ఇస్తోందేమో చూడండి, ఒకసారి వాళ్ళింటికి వెళ్ళొద్దాం." నేను నవ్వి, పోనీలెండి మేడం, జవాబులైతే వస్తున్నాయి కదా అన్నాను. ఊరేగించడానికి నాకొక తండ్రి కావాలి, ఆ తండ్రిని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఆవిడ చెప్పింది జనవరిలో. నేను విన్నది మార్చిలో. ఆ రెండు నెలలూ ఆ పిల్ల ఒక్కతే నెట్టుకొచ్చింది.

ఇది రాసి మేడంకు చూపిస్తే, పై పేరాలన్నీ నవ్వుతూ చదివి, ఇక్కడికొచ్చాక కాగితం నాకే ఇచ్చేశారు. "ఈ ముక్క కొట్టెయ్యకండి," అన్నారు.

అట్లనే మేడం అన్నాను.